పని పోయినవాని మొర



తోటలలో బ్రదుకువారికి యజమానుని కోపమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. పని పోయిననాడే లైనులోని యిల్లును పోవును. అందుచేత అనేకులు అన్యాయమును చూచియు నోరు మూసికొందురు. నేనిప్పుడు నివసించుచున్న కెనడా దేశమునకు పొలము పనికై పరదేశములనుండి వచ్చువారి స్థితియు నిట్టిదే. వారిలో అనేకులు యజమానుడు చూపిన వసతిలోనే యుందురు. పని పర్మిట్టును ఆ యొక్క యజమానునికే కట్టుబడి యుండును.

2020వ సంవత్సరమున ఒంటారియో రాష్ట్రములోని స్కాట్‌లిన్ అను కూరగాయల తోటలో కోవిడ్ వ్యాధి ప్రబలి, సుమారు 200 మంది కూలీలకు సోకెను. జూన్ మాసమున మెక్సికో దేశపు కూలి యొకడు మరణించెను. అతని తోడివాడు అచ్చటి దుస్థితిని బయలుపరచగా పనినుండి తీసివేయబడెను. అతడు ఊరకుండక ఒంటారియో లేబర్ రిలేషన్స్ బోర్డుకు మొరపెట్టుకొనెను. అది ప్రతీకారమేయని బోర్డు నవంబరులో తీర్పు చెప్పి, 25,000 డాలర్లు చెల్లింపుమని యాజ్ఞాపించెను. చనిపోయినవాడు తిరిగి రాలేదు. కాని బ్రదికినవాని మాటకు విలువ కలిగెను. ఆ తీర్పును గూర్చి చదివినప్పుడు నాకెంతో ధైర్యము కలిగినది.

ఆ రాష్ట్రపు చట్టములో నొక మేలు గలదు: ప్రతీకారముగా తీసివేయలేదని రుజువు చేయవలసిన భారము యజమానునిదే, కూలివానిది కాదు.

యజమానునిపై ఫిర్యాదు చేయుట విశ్వాసికి తగునాయని కొందరు నన్నడుగుదురు. అపొస్తలుడైన పౌలు తనకు న్యాయము దొరకనప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందుననెను గదా! పగ తీర్చుకొనుట వేరు, న్యాయమడుగుట వేరు. సాత్వికమనగా మౌనము కాదు.

కావున మీ బిడ్డలెవరైన ఆ దేశమునకు వచ్చినయెడల ఈ సంగతులు వారికి చెప్పుడి. జీతపు చీటీలను, యజమానుడు పంపిన సందేశములను భద్రపరచవలెను. ఏ దినమున ఏమి జరిగెనో వ్రాసియుంచవలెను. గడువు దాటనీయరాదు: పని ప్రమాణముల చట్టము క్రింద ఫిర్యాదునకు ఒంటారియోలో సాధారణముగా 2 సంవత్సరములు, బ్రిటిష్ కొలంబియాలో 6 నెలలు, రైళ్లు, బ్యాంకులు మొదలగు కేంద్ర చట్టము క్రింది పనులలో అన్యాయముగా తీసివేయబడినందుకు 90 దినములు మాత్రమే. ఒకే యజమానునికి కట్టుబడిన పర్మిట్టుతో హింసపడువారు మరియెవరియొద్దనైనను పనిచేయుటకు వేరు పర్మిట్టు కోరు మార్గము 2019 నుండి కలదు.

కోత కోసినవారి కూలి మొర ప్రభువు చెవిని చేరునని యాకోబు వ్రాసెను. ఆ మొరను న్యాయస్థానము చెవినికూడ వేయుట మన విధి.