దిష్టి తగిలింది దూడకా, గోడకా?

లంబాలైన్‌లో మా బాబాయి ఇంట్లో రెండు ఆవులు, రెండు దూడలు ఉండేవి. శ్రీకాకుళం జిల్లా నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా వాళ్ల నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే.

2011లో ఒక వాస్తు ఆయన వచ్చి పశువులసాల వాయవ్య మూలకు మార్చమన్నాడు. దారిన పోయేవాళ్ల కళ్లు పడకుండా పడమటి గోడ ఎత్తు పెంచమన్నాడు. బాబాయి రెండూ చేశాడు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. అయినా పెద్దాయన్ని నొప్పించడం ఎందుకని నోరు మూసుకున్నాను. ఆ గోడకు ఇటుకలు అందించినవాడిని నేనే.

ఆ ఏడాది వానల్లో దూడలు రెండూ దగ్గడం మొదలుపెట్టాయి. ఒకటి చనిపోయింది. పెద్దావు గిట్టల మధ్య పుండ్లు పడి కుంటింది. "దిష్టి కాకపోతే ఏటిరా ఇది?" అన్నాడు బాబాయి. నల్లతాడు, నిమ్మకాయలు వచ్చాయి.

చివరికి ఒక పశువైద్యుడిని పిలుచుకొచ్చాను. ఆయన ముందు మందు సంచి తెరవలేదు. "నిలబడి కాదు, దూడ ఎత్తుకు వంగి గాలి పీల్చండి" అన్నాడు. వంగాను. కళ్లు మండాయి.

అందులో మాయ ఏమీ లేదు. ఉచ్చలో యూరియా ఉంటుంది. పేడలోని సూక్ష్మజీవులు దాన్ని అమోనియాగా మారుస్తాయి. ఊపిరి గొట్టాల్లో మలినాన్ని బయటికి నెట్టే సన్నటి నూగును అమోనియా దెబ్బతీస్తుంది. ఇక సూక్ష్మక్రిములకు దారి సుఖం. ఎప్పుడూ తడిలో నానిన గిట్ట మెత్తబడి, చర్మం చిట్లి పుండు పడుతుంది. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోట, నైరుతి గాలికి అడ్డంగా మేం గోడ కట్టాం!

వేడి సంగతీ అంతే. అమెరికాలో మాంసానికి పెంచే పశువుల కోసం ఉష్ణోగ్రతను, తేమను కలిపి ఒక సూచిక వాడతారు. 75కు చేరితే హెచ్చరిక, 79 అయితే ప్రమాదం, 84 అయితే అత్యవసరం. 30 డిగ్రీల ఎండలో తేమ 40 శాతమైతే సూచిక 77 దగ్గర ఉంటుంది. అదే 30 డిగ్రీల్లో తేమ 85 శాతమైతే 84కు చేరుతుంది. నాటు పశువులు వేడికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి. అయినా పాలకు పెంచినా మాంసానికి పెంచినా పశువు ఒళ్లు చల్లబడాలంటే గాలి ఆడాలి.

డాక్టరు చెప్పినట్టు గోడ పైభాగం కొట్టేశాం. కప్పు నడికొప్పున సందు వదిలి, వాన పడకుండా దానిపైన ఎత్తుగా ఇంకో రేకు వేశాం. వేడిగాలి పైకి పోతుంది, చల్లగాలి పక్కల నుంచి వస్తుంది. నేలకు కాలువ వైపు వాలు ఇచ్చాం. దూడకు పొడి అరుగు కట్టాం. మరుసటి వానాకాలం మిగిలిన దూడ దగ్గలేదు. ఆవు కుంటలేదు.

ఇది రుజువేనా? కాదు. డాక్టరు మందులూ ఇచ్చాడు, దూడ ఓ ఏడాది పెరిగింది కూడా. ఒక్క సాలను చూసి సిద్ధాంతం చేస్తే నాకూ వాస్తు ఆయనకూ తేడా ఏముంటుంది? తేడా ఒక్కటే. డాక్టరు చెప్పిన కారణాన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. వంగి పీలిస్తే చాలు. దిష్టిని ఎక్కడ వంగి పీల్చాలి?

నిమ్మకాయలు మాత్రం గుమ్మానికి అలాగే వేలాడాయి. దూడ బతికిన ఘనత బాబాయి లెక్కలో వాటిదే. దాని మీద నేను వాదించి గెలవలేదు. కానీ చనిపోయిన దూడ లెక్క ఎవరిదని అడిగితే వాస్తు ఆయనది, బాబాయిది మాత్రమే కాదు. తెలిసీ మర్యాద కోసం ఇటుకలు అందించిన హేతువాదిది కూడా.