టూసాన్‌లో గృహప్రవేశము

ఎడారి యనిన ఇసుక తిన్నెలే యని బాల్యమున చదువుకొన్న నాకు, అరిజోనా రాష్ట్రపు టూసాన్ నగరోపాంతమున గృహప్రవేశము చేసిన పిదప, ఆకులతోబాటు బెరడు సైతము పచ్చగా నుండు పాలో వెర్డే వృక్షములతోను, నాగజెముడు పొదలతోను, నిలువెత్తు సగువారో జెముడులతోను నిండిన ఈ సొనోరా మరుభూమి పరమాశ్చర్యమును గొల్పినది. సగువారో తొలి శాఖను చాచుటకే సాధారణముగా 50 ఏండ్లకు పైబడి పట్టును. కావున మా ప్రాంగణమున అనేక బాహువులతో నిలిచిన వృద్ధుడు 1912లో ఏర్పడిన ఈ రాష్ట్రముకంటెను పెద్దవాడై యుండవచ్చును.

అనంతపురమువాడనగుటచే ఎండ నాకు కొత్త గాదు. తేళ్లును కొత్త గావు. అతినీలలోహిత దీపకాంతిలో అవి పచ్చగా వెలుగునని మాత్రము ఇచ్చటనే యెరిగితిని.

ఈ నేలకు ఆదివాసులైన తొహోనో ఓధమ్ జనులు గ్రీష్మమున సగువారో ఫలములను పొడవాటి గడలతో రాల్చి, పాకము గాచి, దానిని పులియబెట్టి, వర్షమును ఆహ్వానించు ఉత్సవము జరుపుకొందురు. వారి సంవత్సరమునకును అదియే ఆది. వసంతమున ఉగాది జరుపుకొను మనకు ఇది వింతగా తోచవచ్చును గాని, జులై మాసమున తొలి వాన కురిసి, క్రియోసోట్ పొదలనుండి ఘాటైన పరిమళము వ్యాపించినంతనే, వారి పంచాంగమే ఇచ్చట యుక్తమని నాకు తోచినది.

ఆ వానలలో ఎండువాగులు క్షణములలో పొంగును. వాగు పారుచుండగా కారుతో దాటవలదని కొత్తగా వచ్చు మనవారికి మనవి.