ఏడో ముక్క

మా అమ్మ ప్లేయరు అగ్గిపెట్టెకంటే కాస్త పొడుగు, అంతే. దాని నడిమి మీట మీద రాయి పొదిగిన స్టిక్కరు బొట్టు ఒకటి అంటించాను. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించినా ఆవిడకి చిన్న అక్షరాలు ఆనవు. అందుకని తెరకేసి చూడనే చూడదు. బొటనవేలితో తడుముతుంది, రాయి తగలగానే నొక్కుతుంది, గొంతు పలుకుతుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని పక్కమీద వాలాక ఒక చెవిలోనే ఇయర్‌ఫోను పెట్టుకుంటుంది. రెండోది వీధి గేటు చప్పుడుకి, ఫోను మోతకి అట్టేపెడుతుంది.

అందులో ఉషశ్రీగారి ఉపన్యాసాలున్నాయి, ఘంటసాల భగవద్గీత ఉంది, హరికథలున్నాయి, ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలున్నాయి. ఉన్న చోటు 8 జీబీ. మాటలకైతే సెకనుకి 64 కిలోబిట్లు, అంటే 64 కేబీపీఎస్, చాలని నా అనుభవం. ఆ లెక్కన గంట ఉపన్యాసం 29 ఎంబీలో సర్దుకుంటుంది. అంటే ఆ అగ్గిపెట్టెలో 270 గంటల పైచిలుకు మాట పడుతుంది. రోజుకి గంట విన్నా తొమ్మిది నెలలు. పాటకి మాత్రం ఇంత పిసినారితనం పనికిరాదు. వీణ మీటిన తరవాత తీగ మీద మిగిలే నాదం 64లో చెదిరిపోతుంది. సంగీతానికి నేను 192కి తగ్గను.

ఇంత శబ్దం ఇంత చిన్నచోట ఎలా ఇమిడిందో తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటారు. నిమిషానికి దాదాపు పదిన్నర ఎంబీ అవుతుంది. 1998లో అమ్మకానికొచ్చిన రియో పీఎంపీ300 అనే జేబు ప్లేయర్లో ఉన్న చోటు మొత్తం 32 ఎంబీ. సీడీ లెక్కన అందులో ఒక్క పాట పట్టడమే కష్టం. ఎంపీ3 చేసి ఎక్కిస్తే అరగంట వినవచ్చు. మన చెవికున్న ఒక గుణాన్ని పట్టుకుని ఈ పని చేశారు. పెళ్ళిలో మేళగాళ్ళ పక్కన నిలబడ్డవాడికి వెనకాల గుసగుస వినపడదు. డోలు మోత దాన్ని కప్పేస్తుంది. అలా కప్పబడిపోయే శబ్దాలేవో లెక్కకట్టి, వాటికి చోటు తగ్గించి, చెవికి చేరేవాటికే చోటిస్తారు. జర్మనీలో ఈ పని మీద ఏళ్ళ తరబడి కూర్చున్నవారిలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ ఒకరు. తన లెక్కకి పరీక్షగా ఆయన సుజాన్ వేగా పాడిన టామ్స్ డైనర్ పాటను పెట్టుకున్నాడు. అందులో వాద్యం ఒక్కటీ ఉండదు, ఒంటరి ఆడగొంతు మాత్రమే. మొదట్లో ఆ గొంతు ఘోరంగా వచ్చిందట. అది బాగా పలికేదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ విని లెక్క సరిచేసుకున్నాడు. ఆ దస్త్రాల పేరు చివర ఎంపీ3 అని పెట్టాలని 1995 జూలై 14న నిర్ణయించారు.

వాద్యాల వెనక దాక్కోవడానికి వీల్లేని ఒంటి గొంతు దగ్గర పరీక్ష పెట్టడం నాకు బాగా నచ్చింది. మా ఇంట్లో వినేదంతా దాదాపు అలాంటి గొంతులే కదా.

ఇక మా క్యాసెట్ల సంగతి. నాన్నగారు తెనాలిలో ఉన్నప్పుడు టూ-ఇన్-వన్ కొని, రేడియోలో వచ్చిన నాటకాలు పట్టి దాచేవారు. ప్రతి క్యాసెట్టు అట్ట మీదా ఆకుపచ్చ సిరాతో పేరు, భాగం, ఎ వైపో బి వైపో రాసి ఉంటుంది. ఆయన పోయిన తరవాత ఆ అట్టపెట్టె అటక మీద ఉండిపోయింది. దింపి చూసేసరికి మూడు టేపులకి బూజు పట్టింది. ఒకదానిలో టేపును హెడ్డుకి అదిమి ఉంచే చిన్న ఫెల్టు ముక్క ఊడి అడుగున పడి ఉంది. అయిదు మరలు విప్పి, పాడైపోయిన ఇంకో క్యాసెట్లోది తీసి అందులో అతికించాను. స్పిరిట్టులో ముంచిన దూదితో హెడ్డు తుడిస్తే దూది మట్టిరంగుకి తిరిగింది. అయినా మాటలు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టే ఉన్నాయి. హెడ్డు పక్కన చిన్న మర ఒకటి ఉంటుంది. దాన్ని చెవి పెట్టి వింటూ వెంట్రుకవాసి తిప్పుతూ పోయాను. పావు వంతు తిరిగేసరికి శకీ సకీ తేడా తెలిసింది! ఆ మధ్యాహ్నం నేను పొందిన సంతోషాన్ని ఎవరితో చెప్పుకోవాలో తోచక వంటింట్లోకి వెళ్ళి అమ్మతో చెప్పాను.

టేపు రికార్డరు చెవి బెజ్జంలోంచి వైరు తీసి కంప్యూటరు వెనక నీలం బెజ్జంలో పెట్టి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో పట్టాను. ఈ పనిలో తొందరకి తావు లేదు. గంట టేపుకి గంట పడుతుంది. గీత ఎర్రలోకి పోకుండా చూసుకుంటూ కూర్చోవాలి. ఒకసారి బద్దలై పట్టిన గొంతు తరవాత ఎంత మొత్తుకున్నా బాగుపడదు. హోరు తీసెయ్యడానికి ఒక ఉపాయం ఉంది. ఎవరూ మాట్లాడని చోట రెండు సెకన్ల వట్టి హోరు చూపిస్తే, అలాంటిదంతా మొత్తంలోంచి తీసేస్తుంది. మొదట్లో నేను హోరు బొత్తిగా లేకుండా తుడిచేశాను. పాత్రలన్నీ నీళ్ళలోంచి మాట్లాడినట్టయింది. ఇప్పుడు సగమే తీస్తాను. వర్షం ఆగాక చూరు కారినంత హోరు ఉండనిస్తాను. మాట దాని మీద నిలబడుతుంది.

ఆ పెట్టెలో అమ్మకి ప్రాణమైన టేపు గణపతి. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి నవల, రేడియో నాటకంగా వచ్చింది. గణపతి అంటే ఆ రోజుల్లో రేడియో విన్నవారికి నండూరి సుబ్బారావుగారి గొంతే. చిలకమర్తివారికి చిన్నప్పుడే రేచీకటి, తరవాత చూపు పూర్తిగా పోయింది, పుస్తకాలు చెప్పి రాయించేవారు. అలా గొంతుతో కథ చెప్పినాయన పుస్తకం గొంతుగానే మా ఇంటికి రావడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

ఆ టేపులో రెండో వైపు తిప్పిన మూడు నిమిషాలకి కరెంటు పోయింది. మోటారు నెమ్మదించి ఆగుతుండగా పట్టిన మాట గనక, వేసి విన్నప్పుడు తిరగబడి గొంతు సన్నబడుతుంది. గణపతి మాట పిచ్చుక కూతలా పైకి లేచి, టక్కున తెగుతుంది. ఆ తరవాత వట్టి టేపు. సెల్లు వేసి ఉంటే ఆగేది కాదు. కానీ ఆరు పెద్ద సెల్లు కొనడం ఆ రోజుల్లో మాకు పండగ ఖర్చు.

అమ్మ ప్లేయరుకి ఎక్కడ ఆపామో గుర్తుండదు. గంట దస్త్రం నలభయ్యో నిమిషంలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ప్రతి నాటకాన్నీ అయిదేసి నిమిషాల ముక్కలు చేస్తాను. గణపతిలో తెగిపోయినది ఏడో ముక్క.

ముక్కలకి పేర్లు పెట్టడంలోనూ ఒక పాఠం నేర్చుకున్నాను. మొదటిసారి రామాయణం ముక్కలకి 1, 2, 3 అని పెట్టి ఎక్కించాను. ప్లేయరు 1 తరవాత 10, 11, 12 వాయించి అప్పుడు 2కి వచ్చింది. అమ్మ పక్కమీంచి లేచి వచ్చింది.

“ఒరే అబ్బాయ్, సీతారాముల పెళ్ళి కాకుండానే లంక తగలబడిపోతోందేవిట్రా?”

01, 02 అని ముందు సున్నా పెడితే రామాయణం దారిన పడింది. కొన్ని చవక ప్లేయర్లకి ఆ సున్నా కూడా పట్టదు, మనం ఏ వరసలో ఎక్కిస్తే ఆ వరసలోనే వాయిస్తాయి. వాటిలోకి ఒక్కొక్కటే వరసగా ఎక్కించాలి. తెలుగులో పేరు రాస్తే చాలా ప్లేయర్లు డబ్బాలు చూపిస్తాయి. అయినా కంప్యూటర్లో ఉంచుకునే ప్రతికి నేను తెలుగులోనే పేరు రాస్తాను. నాటకం, రచయిత, గొంతులు, కేంద్రం, తెలిస్తే తేదీ. నాన్నగారి ఆకుపచ్చ సిరాకి నేను పెట్టుకున్న బదులు అదే.

ఎందుకింత పట్టుదలంటే, పేరు సరిగా లేక దొరకని గొంతుల కోసం నేను పడ్డ యాతన అంతా ఇంతా కాదు. ఏడో ముక్క తరవాతి కథ కోసం చాలా ఏళ్ళు వెతికాను. గణపతి అని కొడితే ఏమొస్తుంది? వినాయక చవితి పాటలు, అష్టోత్తరాలు, సహస్రనామాలు, నిమజ్జనం డప్పులు. గణపతి నాటకం అంటే పిల్లల బొమ్మల కథలు. చిలకమర్తి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడదామంటే చివరి తికి ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. లక్ష్మీనరసింహం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకాయన రాసినట్టు ఇంకొకాయన రాయడు. ఘంటసాల అన్న నాలుగక్షరాలనే నేను అయిదు రకాలుగా చూశాను. తెలుగు లిపిలో పేరు పెట్టినవారు అప్పట్లో చాలా తక్కువ. తమ ఇంటి టేపులు శ్రమపడి మార్చి, అందరూ వినడానికి పెట్టినవారి రుణం నేను తీర్చుకోలేను. వారిలో చాలామంది ట్రాక్ 3, సైడ్ బి అని వదిలేశారన్నదే నా బాధ. అంత కష్టపడ్డ చేతులకి ఒక్క వరస రాయడం బరువా?

నాటకం పేరుతో లాభం లేదని చివరికి గొంతు పేరుతో వెతకడం మొదలుపెట్టాను. సుబ్బారావులు లోకంలో లెక్కలేనంతమంది. నండూరి అని మాత్రం కొట్టి, పక్కన విజయవాడ అని, రేడియో అని చేరుస్తూ ఒక్కొక్కటీ తెరిచి విన్నాను. ఎంకి పాటలు వచ్చాయి, అవీ విన్నాను. అలా వెతుకుతూ ఏది దొరికినా ఆగి వినడం నాకు అలవాటు. అనుకున్నది దొరకని రాత్రుల్లోనే కొన్ని మంచి హరికథలు దొరికాయి. ఒక రాత్రి ఎవరో పాత టేపులోంచి తీసిన దస్త్రం కనిపించింది. దాని పేరు వట్టి నండూరివారి నాటకం. నొక్కాను. హోరు, ఆ తరవాత ఒక తలుపు చప్పుడు, ఆ తరవాత ఆ గొంతు.

మా టేపులో ఉన్న మాటలే వరసగా వస్తున్నాయి. నాకవి కంఠతా వచ్చు. ఒక్కొక్క మాటా దగ్గరపడుతుంటే అరచేతులు చెమర్చాయి. ఇదిగో, ఇక్కడే కరెంటు పోవాలి. పోలేదు! గణపతి ఆ వాక్యం పూర్తిచేశాడు. ఆ వాక్యం చివర ఏముందో నాకు అప్పుడే తెలిసింది.

ఒక మాట చెప్పాలి. చిలకమర్తివారు 1946లో పోయారు. రచయిత పోయిన తరవాత 60 ఏళ్ళు గడిస్తే పుస్తకం అందరిదీ అని మన చట్టం. కాబట్టి నవలని ఎవరైనా చదివి రికార్డు చేసి పంచవచ్చు. రేడియోవారు చేయించిన రికార్డు సంగతి వేరు, దాని హక్కులు దానికుంటాయి. కొనడానికి దొరికేది నేను కొనే వింటాను. మిగిలింది మా ఇంట్లోనే ఉంటుంది. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో లోకమంతా హక్కులు తీరిన పుస్తకాలను ఊరికే చదివి పెడుతున్నారు. మన తెలుగు గొంతులు అక్కడ ఇంకా ఎన్నో చేరాలని నా కోరిక.

దొరికినదాన్ని ముక్కలు చేసి, పేర్లు పెట్టి, అమ్మ ప్లేయర్లో పాత ఏడో ముక్క తీసేసి కొత్తది పెట్టాను. ఆవిడతో ఏమీ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం పక్కనే కూర్చున్నాను. ఏడో ముక్క మొదలైన మూడు నిమిషాలకి ఆవిడ అలవాటుగా ఇయర్‌ఫోను తీసేసింది. ఎప్పుడూ అక్కడితో ఆపేస్తుంది, ఆ పిచ్చుక కూత చెవిలో పొడిచినట్టుంటుందని.

“ఇంకా ఉందమ్మా, పెట్టుకో.”

నమ్మకం లేకుండానే పెట్టుకుంది. ఆ తరవాత ముక్క, దాని తరవాత ముక్క, చివరిదాకా కదలకుండా విన్నది. అయ్యాక చాలాసేపు మీట మీద వేలు తియ్యలేదు.

“మీ నాన్న ఇలా చెప్పలేదే” అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పుకొచ్చింది. ఆ రోజు కరెంటు పోగానే నాన్నగారు చొక్కా తగిలించుకుని వెనక వీధి కిరాణా కొట్టుకి పరిగెత్తారట. అక్కడ సెల్లుతో నడిచే ట్రాన్సిస్టరుండేది. కొట్టు మెట్ల మీద నిలబడి మిగతా నాటకం విని వచ్చారు. అమ్మ పెరట్లో పప్పు రుబ్బుతుంటే పొత్రం పక్కన పీట వేసుకుని కూర్చుని, గణపతిగా ఒక గొంతు, తల్లిగా ఒక గొంతు మార్చి మార్చి అంతా వినిపించారట. ఆవిడ నవ్వుకి పిండి చింది మొహాన పడిందట. ఇన్నేళ్ళూ అమ్మకి గణపతి అంటే అక్కణ్ణించి నాన్నగారు చెప్పిన కథే. రేడియోలో లేనివి బోలెడు కలిపారని ఇవాళే తెలిసింది.

“ఏం కలిపారో చెప్పు” అంటూ చేతిలో ఫోను రికార్డు మీట నొక్కాను. మొదట సిగ్గుపడింది. తరవాత నాన్నగారి గొంతు పెట్టి మొదలెట్టింది. మధ్యలో కుక్కరు రెండు కూతలు కూసింది, లేచి స్టవ్వు కట్టేసి వచ్చి మళ్ళీ అందుకుంది. పదకొండు నిమిషాలొచ్చింది. ఆ కూతలు నేను తీయలేదు.

పాతది తీసేశానని తెలిసి, “ఆ కరెంటు పోయింది కూడా ఉంచరా” అంది. ఇప్పుడు ప్లేయర్లో గణపతి ఏడో ముక్కలు మూడున్నాయి. 07 నండూరి, 07 కరెంటు, 07 నాన్న.