అనన్యభక్తి ఎవరికి?

ఎన్నికలు సమీపించినప్పుడు మా గోదావరిఖనిలో భక్తులు తమ పార్టీ అభ్యర్థి జయానికై అర్చన చేయిస్తారు. ఎవరు కోరినా సంకల్పం చెప్పడం అర్చకధర్మం. కానీ, "మనిషి ఎవరైనా మా ఓటు ఆ జెండాకే, అయ్యగారూ" అన్న మాట వింటే మనస్సు కలత చెందుతుంది.

భూగర్భగనిలో మైనింగ్ సర్దార్‌కు యోగ్యతాపత్రం ఉండవలెను. పైకప్పును, వాయువును పరీక్షించే ఆయన ఏ యూనియన్‌వాడైననేమి? కార్మికుని ప్రాణం ఆయన సామర్థ్యంపై ఆధారపడి ఉన్నది. శాసనసభకు పంపేవానికి ఆ యోగ్యతావిచారం అక్కరలేదా?

రామగుండం ఓటర్లు 2009లో స్వతంత్ర అభ్యర్థి సోమారపు సత్యనారాయణగారిని, 2018లో ఫార్వర్డ్ బ్లాక్ అభ్యర్థి కోరుకంటి చందర్‌గారిని గెలిపించారు. పిదప ఇరువురూ టీఆర్ఎస్‌లో చేరారు. జెండా నాయకునికే శాశ్వతం కానప్పుడు మనకు జన్మబంధమెట్లు? అనన్యభక్తి భగవంతునికి అర్పిద్దాం. అభ్యర్థి విషయంలో వివేకమే ధర్మం.