రెండయిన సముద్రపుష్పం

శామీర్‌పేట చెరువుకు దగ్గరలో మా ఇల్లు. ఏ సముద్రతీరానికి వెళ్ళాలన్నా ఇక్కడి నుండి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అటువంటి చోట, ముందుగదిలోని అద్దాల తొట్టెలో సముద్రపుష్పాన్ని పెంచుతున్నానంటే విన్నవారు నవ్వుతారు. బోరునీటిని ఆర్వో యంత్రంలో వడగట్టి, ప్యాకెట్లలో దొరికే సముద్రపు ఉప్పు కలిపి, లీటరుకు 35 గ్రాముల లవణత నిలిచేలా రోజూ చూసుకోవడం పదవీ విరమణ చేసినవాడికే చెల్లుతుంది. (రాతిపగడాల జోలికి మాత్రం పోలేదు. 2001 నుండి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నాయి.)

పేరుకు పుష్పమే గాని అది జంతువు. శాస్త్రనామం ఎంటాక్మియా క్వాడ్రికలర్. స్పర్శకాల కొసలు బుడగల్లా ఉబ్బుతాయి కనుక అంగళ్ళలో బబుల్ టిప్ ఎనిమోన్ అంటారు.

జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్ళూ ద్విధావిచ్ఛిత్తి బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో! తీరా ఒక రాత్రి అది కళ్ళెదుటే జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను. పాదం ఒక కొస ఇటు, మరొక కొస అటు రాతిని పట్టి పాకుతున్నాయి. నడిమి దేహం సాగి, పలుచనై, నోటి మీదుగా నిలువునా చిరుగుతోంది. చచ్చిపోతున్నదనుకున్నాను. చచ్చిన ఎనిమోన్ కుళ్ళితే తొట్టెలోని నీరంతా విషమవుతుంది. తీసి పారవేయడానికి బకెట్టు తెచ్చాను.

"తెల్లారేదాక ఆగుండ్రి" అన్నది నా భార్య.

తెల్లవారేసరికి రెండు సగాలూ చిరిగిన అంచులను లోపలికి మడుచుకొని చెరొక రాతిసందున కూర్చున్నాయి. కొన్నాళ్ళకు రెంటికీ నోళ్ళు కుదురుకున్నాయి. వీటికి అండాలూ శుక్రకణాలూ లేకపోలేదు. సముద్రంలో అలా కూడా సంతానం కలుగుతుంది. ఇంటి తొట్టెలో అవి పంపుల పాలూ వడపోతల పాలూ కావడమే ఎక్కువ.

1828లో స్కాట్లండు తీరాన జాన్ గ్రాహం డాలియెల్ అనే పండితుడు వేరొక జాతి ఎనిమోన్‌ను పట్టి గాజుపాత్రలో పెంచాడు. 'గ్రానీ' అని దానికి పేరు. డాలియెల్ 1851లో పోయాడు. గ్రానీ చేతులు మారుతూ 1887 దాకా బ్రతికింది. అరవై నాలుగేళ్ళ వయసులో ఇది చదివినవాడికి మొదట తోచేది ఒకటే: నా తరువాత దీని గతి ఏమిటి? అందుకే ఒక సగాన్ని మేడ్చల్‌లోని నా పాత విద్యార్థికి ఇచ్చాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీదుగా, నీళ్ళు నింపిన కవరును ఒళ్ళో పెట్టుకొని ఆటోలో వెళ్ళాను.

మరుసటి వేసవిలో పెళ్ళికని ఊరెళ్ళి నాలుగు రోజులకు తిరిగి వచ్చాము. కరెంటు పోయి, ఇన్వర్టరు బ్యాటరీ అయిపోయి, పంపులు ఆగిపోయాయి. తలుపు తీయగానే వాసన. ఎనిమోనూ, దానిలో కాపురమున్న క్లౌన్ చేపల జంటా మిగలలేదు. తొట్టెను కడిగి మేడ మీద బోర్లించాను. ఇక వద్దనుకున్నాను.

చలికాలంలో మేడ్చల్ నుండి ఫోను. అక్కడిది మళ్ళీ చీలిందట. తొట్టెను దింపి, నీరు సిద్ధం చేసి, అది కుదురుకునేందుకు నెలన్నర ఆగాను. అతడు కవరు పట్టుకొని వచ్చి, "మీదే తెచ్చిన సార్" అన్నాడు.

"ఇది మన పాతదేనా?" అని అడిగింది నా భార్య.

జన్యువుల లెక్కన అదే. కాని ఆ వేసవిలో నా చేతులతో తీసి పాతిపెట్టింది కూడా అదే కదా. పాఠం చెప్పినంత సులభంగా జవాబు రాలేదు. అవునన్నాను. అది అప్పటికే నేను పెట్టిన రాయిని వదిలి, వెలుతురు చాలని వెనుక మూలకు పాకుతోంది.