మీ వీధి కాలువ ఎక్కడికి పోతుంది?

"డాక్టరుగారూ, ఫ్యాక్టరీల మురుగు గొడవ పట్నం వాళ్ళది. మనలాంటి ఊళ్ళకి దాంతో ఏం పని?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. జవాబు చెప్పేముందు నేనే వాళ్ళనొక ప్రశ్న వేస్తాను. మీ ఇంటి ముందు పారే మురుగు కాలువ ఎక్కడికి పోయి కలుస్తుందో మీకు తెలుసా? వీధి మలుపు దాకా అందరూ చెబుతారు. ఆపైన తెలియదంటారు. మీ ఆరోగ్యానికి కావలసిన సంగతి మాత్రం ఆ మలుపు దాటిన తర్వాతే ఉంది.

నేను వైద్యం చేసేది ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో. భక్త రామదాసు పుట్టిన ఊరని, పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరని మీరు వినే ఉంటారు. ఊరికి బాలసముద్రం చెరువుంది, కొంచెం దూరంలో పాలేరు రిజర్వాయరుంది, చుట్టూ వరి, చెరకు పండుతాయి. పొగగొట్టాలు బారులు తీరిన ఊరు కాదు. కానీ ఇలాంటి ఏ మండల కేంద్రంలోనైనా మెయిన్ రోడ్డు వెంట ఒకసారి నడిచి చూడండి. బ్యాటరీలు బాగుచేసే షాపు, మోటారు సైకిళ్ళు కడిగే చోటు, వెల్డింగు షాపు, బంగారం పని చేసేవారు, ఊరి చివర ఒక రైసు మిల్లు కనిపిస్తాయి. వీటన్నిటికీ నీళ్ళు కావాలి. వాడిన నీళ్ళు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా!

కొన్నేళ్ళ కిందట సఫాయి పని చేసే ఒకతను నా దగ్గరికి వచ్చాడు. రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద ఎర్రగా కాలి, బొబ్బలెక్కి ఉన్నాయి. "వేడినీళ్ళు పడ్డాయా?" అని అడిగాను. "లేదు సారూ, కాల్వలో దిగి పూడిక తీసిన. మంట పుట్టింది. కడుక్కుంటే తగ్గుద్దనుకున్న" అన్నాడు. అవి వేడినీటి బొబ్బలు కావు, యాసిడ్ కాల్చిన గాయాలు. కాలువ పైభాగంలో ఒక షాపు ఉంది. పాత బ్యాటరీలు విప్పి, లోపలి యాసిడ్‌ను కాలువలో పారబోయడం అక్కడ రోజూ జరిగే పని. ఆ యజమానితో మాట్లాడితే, "రెండు చెంబుల నీళ్ళే గదా డాక్టరుగారూ, కాల్వలో కలిసిపోతయ్" అన్నాడు. మనలో చాలామంది నమ్మకమూ అదే. కాలువలో పోస్తే పోయిందనుకుంటాం. అది పోదు. ఎక్కడికి చేరుతుందో, అక్కడ దానికి ఏమవుతుందో కాస్త ఓపికగా వినండి.

మన దేశంలో నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే మండలి వచ్చింది. మండలి ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ మురుగునీటిని వాగులోకి గాని, బావిలోకి గాని, మురుగు కాలువలోకి గాని, నేల మీదికి గాని కొత్తగా వదలకూడదని ఆ చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. అక్కడ 'పరిశ్రమ' అని మాత్రమే రాయలేదు, పరిశ్రమ గాని, పని గాని, ప్రక్రియ గాని అని రాశారు. కాబట్టి "మాది చిన్న షాపు, మాకు చట్టమేమిటి?" అంటే చెల్లదు.

ఆ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1993 మేలో కేంద్ర ప్రభుత్వం ఒక పట్టిక ప్రకటించింది. లీటరు మురుగునీటిలో ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చో అందులో ఉంటుంది. చెరువులు, వాగులు, నదులకు ఒక లెక్క, ప్రభుత్వ మురుగు కాలువలకు మరో లెక్క. ఉదాహరణకు నీటిలో తేలాడే మడ్డి వాగుకైతే 100 దాటకూడదు, మురుగు కాలువకైతే 600 దాకా పరవాలేదు. కుళ్ళే పదార్థాన్ని బి.ఓ.డి. అనే లెక్కతో కొలుస్తారు. ఆ పదార్థాన్ని సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. అది వాగుకు 30, మురుగు కాలువకు 350. సీసం వాగుకు 0.1, మురుగు కాలువకు 1. అంటే పదిరెట్లు!

మురుగు కాలువకు ఇంత ఉదారం ఎందుకు? ఆ కాలువ చివర శుద్ధి కేంద్రం ఉంటుందన్న లెక్కతో. అక్కడ మడ్డిని పేరబెడతారు, గాలి ఎక్కించి బాక్టీరియా చేత కుళ్ళే పదార్థాన్ని తినిపిస్తారు. ఫ్యాక్టరీ సగం పని చేస్తే, మిగతా సగం ఊరి శుద్ధి కేంద్రం చేస్తుందన్నమాట. అందుకే నిబంధనల్లో ఒక షరతు పెట్టారు. బాక్టీరియాతో శుద్ధి చేసే కేంద్రానికి చేరే కాలువకు మాత్రమే ఈ సడలింపు వర్తిస్తుంది. అలాంటి కేంద్రం లేకపోతే, కాలువలో వదిలినా సరే, నేరుగా చెరువులో వదిలినట్టే లెక్క.

ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తు పెట్టుకోదలిస్తే దీన్ని గుర్తు పెట్టుకోండి. మన మండల కేంద్రాల్లో, చిన్న పట్నాల్లో చాలావాటికి శుద్ధి కేంద్రం లేదు. సిమెంటు కాలువ ఊరు దాటాక కుంటలోనో, వాగులోనో, చెరువులోనో కలుస్తుంది. కాబట్టి "కాలువలోకే కదా వదిలింది" అన్న మాట అక్కడ చెల్లదు. కఠినమైన లెక్కే వర్తిస్తుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసం అంటే ఎంతో తెలుసా? 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు తెచ్చి, ఆ మొత్తం నీటిలో ఒక్క గ్రాము కలిపినంత. బ్యాటరీ అడుగున పేరుకున్న బురద ఒక చెంచాడు పడితే ఎన్ని ట్యాంకర్లు చెడతాయో మీరే లెక్క వేసుకోండి.

శుద్ధి కేంద్రం ఉన్నంత మాత్రాన అన్నీ బాగుపడతాయా అంటే అదీ లేదు. బాక్టీరియా అన్నం మెతుకుని తింటుంది, మలాన్ని తింటుంది. లోహాన్ని తినలేదు. అందుకే పాదరసానికి వాగైనా మురుగు కాలువైనా హద్దు ఒక్కటే, 0.01 మిల్లీగ్రాము. ఆర్సెనిక్‌కు రెండుచోట్లా 0.2. జపాన్‌లో మినమాటా అనే ఊరి ఫ్యాక్టరీ పాదరసం కలిసిన నీటిని సముద్రంలోకి వదిలింది. చేపలు దాన్ని ఒంట్లో నిలవ చేసుకున్నాయి, ఆ చేపల్ని జనం తిన్నారు. కాళ్ళూ చేతులూ వణికి, చూపూ మాటా పోయిన రోగుల సంగతి 1956లో బయటపడింది. ఆ ఫ్యాక్టరీయే కారణమని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. తల్లికి పెద్దగా జబ్బు కనిపించకపోయినా, కడుపులో బిడ్డలు దెబ్బతిన్నారు.

అంతదూరం ఎందుకు, మన పటాన్‌చెరు సంగతే చూడండి. 1970 దశకం నుంచి అక్కడా, బొల్లారంలోనూ ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి మురుగు నక్కవాగులో కలిసి మంజీర వైపు పారింది. బావులు, పొలాలు చెడ్డాయి. మా వృత్తివారే, డాక్టర్ అల్లాని కిషన్‌రావు, ఆ జనం పక్షాన ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అందరి మురుగూ ఒకచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వచ్చింది. తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఆ నీటిని హైదరాబాదు మురుగు కాలువల ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేశారు. అక్కడినుంచి దారి మూసీలోకే.

ఆ ఉమ్మడి కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బయటపడే సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగనివే అవుతాయి. రేపు మీకు మూత్రంలో మంటో, జ్వరమో వచ్చి నేను అదే మాత్ర రాసిస్తే అది పని చేయకపోవచ్చు. 2020 జనవరిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో మందుల ఫ్యాక్టరీల నీటిలో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెట్టారు. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు. డాక్టరుగా నాకు బాధ కలిగించిన సంగతి ఇది.

ఇక కాలువ లోపలి ప్రమాదం. మురుగు కుళ్ళినచోట గంధకపు పదార్థాలు ఉంటాయి. వాటి మీద యాసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పైకి వస్తుంది. కొంచెం ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "కంపు తగ్గింది" అనుకుని దిగిన మనిషి అక్కడే కూలిపోతాడు. నూనె ఫ్యాక్టరీలలో వాడే హెక్సేన్, పెట్రోలు వంటివి ఇంకో రకం. 1981 ఫిబ్రవరిలో అమెరికాలోని లూయీవిల్ నగరంలో సోయా నూనె ఫ్యాక్టరీ నుంచి హెక్సేన్ మురుగు కాలువలో చేరింది. దాని ఆవిరి అంటుకుని, మూడు కిలోమీటర్లకు పైగా వీధులు పేలిపోయాయి. తెల్లవారుజాము కాబట్టి ప్రాణాలు పోలేదు. 1992 ఏప్రిల్‌లో మెక్సికోలోని గ్వాదలహారాలో పెట్రోలు కాలువల్లోకి కారితే 200 మందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు మీరు చేయవలసిన పనులు చెబుతాను.

ఇంట్లో: కాలువ నీరు చేరే కుంట పక్కన మీ బావి గాని బోరు గాని ఉంటే ఆ నీటిని పరీక్ష చేయించండి. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి. సీసం, ఆర్సెనిక్, క్రోమియం పోవు, నీరు ఆవిరై తగ్గినకొద్దీ ఇంకా చిక్కబడతాయి. పటిక వేస్తే నీరు తేటపడుతుంది, అంతమాత్రాన విషం పోయిందని కాదు. మిగిలిన మందులు, పెయింటు, కిరోసిన్, వాడేసిన ఇంజను ఆయిలు కాలువలో పోయకండి.

షాపులో: బ్యాటరీని విప్పి యాసిడ్ పారబోయకండి. పాత బ్యాటరీని ఉన్నదున్నట్టుగా డీలరుకే తిరిగి ఇవ్వండి. 2001 నుంచీ ఇందుకు నిబంధనలున్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. సీసం పని చేసేవారు బట్టలు మార్చుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని ఇంటికి వెళ్ళండి. సీసం పెద్దలకన్నా పిల్లల ఒంటికి ఎక్కువగా పడుతుంది. ఇంత ఉంటే పరవాలేదు అనే హద్దు దానికి లేదు. పిల్లవాడు పాలిపోయి, తరచు కడుపునొప్పి, మలబద్ధకం అంటూ, చదువులో వెనకబడితే, ఇంట్లో ఎవరైనా ఆ పనిలో ఉన్నారని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయన నులిపురుగుల మందు రాసి పంపవచ్చు.

కాలువ దగ్గర: మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఏ మనిషినీ దింపకండి. 2013 నాటి చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి ఇవ్వకుండా అలా దింపడం నేరం. ఎవరైనా లోపల పడిపోతే వెంటనే దూకవద్దు. కాపాడబోయినవాళ్ళే రెండోవారుగా, మూడోవారుగా చనిపోతుంటారు. 101కి, 108కి ఫోను చేయండి. తెరిచిన కాలువలో పూడిక తీసేవారికి బూట్లు, గ్లవ్స్ ఇమ్మని పంచాయతీని అడగండి. యాసిడ్ పడితే ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా మంచినీటితో కడిగి, అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకురండి. నూనెలు, పసుపు పూయవద్దు.

ఫిర్యాదు: నీటి రంగు, వాసన, రోజు, వేళ రాసుకుని పంచాయతీ కార్యదర్శికో, మునిసిపల్ కమిషనరుకో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఆ ఫ్యాక్టరీకి ఏ హద్దులతో అనుమతి ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మురుగు కాలువ లెక్కతో అనుమతి ఇచ్చి ఉంటే, "ఈ కాలువ చివర శుద్ధి కేంద్రం ఎక్కడ ఉంది?" అని అడగండి. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఫ్యాక్టరీ నీటిని ఏమీ కలపకుండా తొట్టిలో పోసి చేపలు వదిలితే, 96 గంటల తర్వాత నూటికి తొంభై బతికి ఉండాలని ఆ పట్టికలోనే ఉంది. ఈ పరీక్ష చెరువుకూ ఒకటే, మురుగు కాలువకూ ఒకటే.

ఇదంతా చదివి ఫ్యాక్టరీలే వద్దనుకోకండి. మందులు కావాలి, బ్యాటరీలు కావాలి, ఆ పనుల మీద బతికే కుటుంబాలున్నాయి. మలినాన్ని పుట్టినచోటే విడిగా పట్టుకోవడం తేలిక, ఖర్చూ తక్కువ. చెరువులో కలిశాక దాన్ని వెనక్కి తీయడం ఎవరివల్లా కాదు. ఈ ఆదివారం వీలు చూసుకుని, మీ వీధి కాలువ వెంట చివరిదాకా ఒకసారి నడిచి చూడండి. పిల్లల్ని కూడా వెంటబెట్టుకెళ్ళండి. అక్కడ చేపలు పడుతున్నారా, పశువులు నీళ్ళు తాగుతున్నాయా, ఎవరి బోరు ఉంది అని గమనించండి. ఆ తర్వాత కాలువలో ఏం పోయవచ్చో, ఏం పోయకూడదో మీకు వేరే చెప్పనక్కరలేదు.