తడి వచ్చిన దారి

ఫ్లెక్సీ మిషన్ కింద కారిన ఇంకు ఎవరు తుడవాలో మా షాపులో ఎవరూ చెప్పక్కర్లేదు. వేస్టు ఇంకు డబ్బా ఎత్తిపోసేదీ నేనే. ఆ సాల్వెంట్ ఘాటుకి తల దిమ్మెక్కిపోతది. 2009లో చేరిన మొదటి వారమే ఓనరు "మీవాళ్ళకి కంపు అలవాటేగదరా" అన్నాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మా అయ్య లందలో తోళ్ళు ఊనినవాడు. ఊరి పొలాలన్నిటికీ కపిల బానలు కుట్టినవాడు.

బాన కారుతుందని రైతు తెచ్చి వాకిట్లో పడేస్తే, అయ్య ముందు ఆరె పట్టేవాడు కాదు. నీళ్ళుపోసి వేలాడగట్టి చూసేవాడు. "చుక్క పడేచోట చిల్లి ఉండదురా. తడి వచ్చిన దారి పట్టుకొని పైకి పో" అనేవాడు.

2012 ఏప్రిల్ 13 రాత్రి. తెల్లారితే అంబేద్కర్ జయంతి. మా పల్లె పిలగాళ్ళు చందాలేసుకొని ఇచ్చిన పదడుగుల ఫ్లెక్సీ. బాబాసాహెబ్ ముఖమ్మీద నల్లచుక్కలు పడుతున్నయి. ఆపరేటరు హెడ్డు క్లీనింగ్ కొట్టీ కొట్టీ, "హెడ్డే పోయింది, ఇంజనీరు రావాల్సిందే" అని ఇంటికి పోయాడు.

నేను హెడ్డు తుడిచి పది నిమిషాలు ఊరికే చూశాను. నలుపొక్కటే చుక్క కడుతోంది. హెడ్డులో ఇంకు బయటి గాలికన్నా కాస్త తక్కువ ఒత్తిడిలో ఉంటేనే ఆ సన్న రంధ్రాల్లో నిలబడతది. నాలుగు రంగులూ కారితే అన్నిటినీ పట్టి ఉంచే వాక్యూమ్ తగ్గినట్టు. ఒకటే కారితే తప్పు ఆ రంగు దారిలోనే. నల్ల గొట్టం వెంట పైకి పోయాను. సబ్ ట్యాంకు మూతిదాకా నిండిపోయింది. లోపలి ఫ్లోటు ఇంకు గడ్డకట్టి కిందే ఇరుక్కుంది. నిండిన సంగతి తెలియక పంపు తోస్తానే ఉంది. కరెంటు తీసేసి, ఎక్కువైన ఇంకు తోడి, ఫ్లోటు ఆడేదాకా సాల్వెంట్‌తో కడిగాను. మూడింటికి మళ్ళీ కొడితే ముఖమ్మీద ఒక్క చుక్క లేదు.

పొద్దున ఓనరు ఆపరేటరు భుజం తట్టాడు. నాకు పాతగుడ్డలిచ్చి కింద తుడవమన్నాడు. పుస్తకంలో నా పేరు పక్కన హెల్పరనే ఉంది. మా అయ్య పనినీ ఇట్లాగే కులవృత్తి అన్నారు, ఇంజనీరింగ్ అన్లేదు.

మరక మా చేతుల మీదే కనపడతది. అందరూ మా చేతులే చూస్తారు. ఎంత తుడిచినా కారేది ఆగదు. పైన ఏది నిండి పొంగుతుందో అక్కడిదాకా పోయి చూడాలి.